ఈస్ట్ సీసా మూత సంగతి

ఒరేయ్ రఘూ,

ఇంట్లో బీరు చేసేముందు ఈస్ట్‌ని పెంచుకునే స్టార్టర్ సీసాకి ఎయిర్‌లాక్ మూత బిగించాలా, ఫాయిల్ కప్పితే చాలా అని అర్ధరాత్రి మెసేజ్ పెట్టావు. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగం మళ్లీ అడుగుతావు. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ఫాయిలే కప్పరా. ముక్క చించి, స్టార్ శాన్ (క్రిములు చంపే మందు) చిలకరించి, సీసా మూతి మీద వదులుగా వేసి అంచులు కాస్త కిందికి దించు. రబ్బరు బ్యాండు వద్దు. క్రిములు దూరవా అంటావు. బాక్టీరియాకి రెక్కలు లేవు కదా, ఎక్కువగా దుమ్ముతో పాటు పైనుంచి రాలిపడేదే. అంచు కిందనుంచి పైకెక్కి మళ్లీ లోపలికి దిగడం దాని తరం కాదు. 1860 ప్రాంతంలో పాశ్చర్ వంపు మెడ సీసాలతో చూపించింది ఇదే. గాలి లోపలికి పోతూనే ఉన్నా, కాచిన ద్రవం పాడవలేదు. దుమ్ము ఆ వంపులోనే ఆగిపోయింది.

ఎయిర్‌లాక్ ఎందుకు వద్దంటే, అది గ్యాస్‌ని బయటికి పంపుతుంది గానీ గాలిని లోపలికి రానివ్వదు. నువ్వు ఆ సీసాలో చేసేది బీరు కాదు, ఈస్ట్ పెంపకం. దానికి ఆక్సిజన్ కావాలి. ఊపిరి పీల్చుకోవడానికి అనుకుంటారు చాలామంది. కానీ అంత తీపి ఉన్న వర్ట్‌లో (బీరుగా పులియబెట్టే మాల్ట్ ద్రవంలో) ఆక్సిజన్ ఉన్నా ఈస్ట్ పులియబెట్టే పనే ఎక్కువ చేస్తుంది. అసలు అవసరం కణాల పైపొరకి. ఆ పొరలో ఉండే స్టెరాల్స్, కొన్ని రకాల కొవ్వులు తయారుకావాలంటే ఆక్సిజన్ ఉండాల్సిందే. కణం రెండైనప్పుడల్లా ఆ నిల్వ చెరిసగం అవుతుంది. నిల్వ మరీ తగ్గితే పెరుగుదల ఆగిపోతుంది. డ్రై ఈస్ట్‌కి ఈ నిల్వ ఫ్యాక్టరీలోనే ఎక్కించి పంపుతారు, అందుకే దానికి స్టార్టర్ అక్కర్లేదు. నువ్వు కొన్నది లిక్విడ్ ప్యాక్ కాబట్టే ఈ తిప్పలు.

మన తాటికల్లుకి ఇవేవీ లేవనుకో. గాలిలోదో లొట్టిలోదో ఏ ఈస్ట్ దొరికితే అదే పులియబెడుతుంది, పక్కన బాక్టీరియా కూడా చేరుతుంది, ఆ రుచే వేరు. పేల్ ఏల్ బీరులో మాత్రం నువ్వు డబ్బు పెట్టి కొన్న ఈస్టే పనిచేయాలి.

ఇక పని. లీటరు నీళ్లకి 100 గ్రాముల డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తిన బార్లీ సారం పొడి) కలిపి, పది పదిహేను నిమిషాలు మరిగించు. మీ ఇంట్లో ఎలక్ట్రిక్ కాయిల్ పొయ్యి కదా, గాజు సీసా దాని మీద పెట్టకు, గిన్నెలోనే కాచు. పొంగుతుంది, పక్కనే నిలబడు. డాలస్ ఎండాకాలంలో కొళాయి నీళ్లే వేడిగా వస్తాయి కాబట్టి గిన్నెని ఐసు నీళ్లలో దించు. 20 డిగ్రీల దగ్గరికి వచ్చాక సీసాలో పోసి ఈస్ట్ వెయ్యి.

సీసాలోని ద్రవాన్ని అయస్కాంతంతో తిప్పే స్టిర్ ప్లేట్ ఉంటే హాయి. అయస్కాంతం తిరుగుతుంటే ఈస్ట్ అడుగుకి చేరదు, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, పైనుంచి కొత్త గాలి కలుస్తుంది. సుడి పెద్దగా ఉండాలని పంతం వద్దు, పైన చిన్న గుంట పడితే చాలు. ఇప్పుడే కొనమని మాత్రం అనను. వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా సీసాని గట్టిగా గిరగిరా తిప్పు, అదీ పనిచేస్తుంది. తిప్పేటప్పుడు మూత బిగించి మర్చిపోయావంటే మాత్రం లోపల గ్యాస్ పేరుకుంటుంది, గాజు పగిలే ప్రమాదం ఉంది.

ఒకటి రెండు రోజులయ్యాక ఫ్రిజ్‌లో పెట్టు. ఈస్ట్ అడుగున తెల్లగా పేరుకున్నాక పైనీళ్లు వంచేసి, మిగిలింది వాడు. అంత గాలి తిన్న ఆ నీళ్లు రుచిగా ఉండవు, బీరులో కలపడం నాకైతే ఇష్టం లేదు.

అసలు బీరు చేసే పెద్ద బకెట్‌లోని వర్ట్‌ని కూడా ఈస్ట్ వేసేముందు బాగా కుదుపు. మామూలు గాలితో ఆక్సిజన్ 8 పీపీఎం (లీటరుకి 8 మిల్లీగ్రాములు) దాకా వస్తుంది, పేల్ ఏల్‌కి అది చాలు. పులియడం మొదలయ్యాక మాత్రం గాలి సోకనివ్వకు, బీరు తడి అట్టపెట్టె వాసన కొడుతుంది. నీ ఎయిర్‌లాక్ బిగించాల్సింది ఆ బకెట్‌కి.

ఓజీ (పులియకముందు వర్ట్ సాంద్రత) ఎంత అనుకుంటున్నావో, ప్యాక్ మీద తేదీ ఏముందో పంపు. స్టార్టర్ లీటరు చాలో, రెండు కావాలో లెక్కేసి చెబుతా.

నీ
శీను