ముగ్గురు క్లైవులను ఒక్కడిని చేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో క్లైవ్ మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ప్లాసీలో గెలిచిన క్లైవే ఆ తర్వాత మద్రాసు గవర్నరై 1802లో మన సర్కారు జిల్లాల్లో జమీందారీలను ఖాయం చేశాడనీ, తర్వాత 'వైకౌంట్ క్లైవ్' పేరుతో ముప్పై ఏళ్లకు పైగా పార్లమెంటులో కూర్చున్నాడనీ అందులో ఉంది. ప్లాసీ క్లైవ్, అంటే రాబర్ట్ క్లైవ్, 1774 నవంబరులోనే చనిపోయాడు. 1802లో మద్రాసులో ఉన్నది అతని కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్. పార్లమెంటులో కూర్చున్నది మనవడు, అతని పేరూ ఎడ్వర్డే. తాత, తండ్రి, మనవడు ముగ్గురినీ కలిపి మీరు ఒకే మనిషిని చేశారు.

సవరణ వేయండి అని రెండు వాక్యాలు రాసి ఊరుకోవచ్చు. కానీ ఇదే తప్పు నేనూ నాలుగైదేళ్లు పాఠంగా చెప్పాను. గుంటూరులో చరిత్ర టీచరుగా చేరిన కొత్తలో, తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి, "టీచర్, మొన్న క్లైవ్ చచ్చిపోయాడని చెప్పారు కదండీ, ఇవాళ మళ్లీ శాశ్వత శిస్తు ఎట్లా పెట్టాడు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం నుంచి ఈ కుటుంబం వెంట పడ్డాను. ఆ అమ్మాయికి జవాబు చెప్పేసరికి వాళ్లు పదో తరగతికి వెళ్లిపోయారు. ఇవాళ మీ పేపరు పట్టుకుని ఇంకో పిల్ల అదే ప్రశ్న వేస్తే పాపం ఆ టీచరు ఏం చెబుతుంది?

రాబర్ట్ క్లైవ్‌కీ మనకీ ఉన్న లెక్క 1765 ఆగస్టు 12 నాటిది. ఆ రోజు మొగల్ పాదుషా చేత ఉత్తర సర్కారులను కంపెనీకి ఇస్తున్నట్టు ఫర్మానా రాయించుకున్నాడు. గుంటూరు సర్కారు మాత్రం నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉండిపోయి, 1788లో గానీ కంపెనీ చేతికి రాలేదు. కొడుకు ఎడ్వర్డ్ 1798 ఆగస్టు నుంచి 1803 ఆగస్టు దాకా మద్రాసు గవర్నరు. శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు సుల్తాన్ చనిపోయింది అతని హయాంలోనే. జమీందార్లు కట్టాల్సిన శిస్తు ఎప్పటికీ మారకుండా ఖాయం చేసిన శాశ్వత శిస్తు చట్టం, అంటే 1802 నాటి 25వ రెగ్యులేషనూ అతని హయాందే. అమరావతి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి జమీందారీ సంగతి తెలియాలంటే చూడాల్సింది ఈ రెండో క్లైవ్‌ని, ప్లాసీ క్లైవ్‌ని కాదు. ఈ రెండో క్లైవ్ ఎనభయ్యో ఏట కూడా పొద్దున్నే ఆరింటికి చొక్కా చేతులు మడుచుకుని తోటలో పాదులు తవ్వుకునేవాడట. ఇంతమంది శిస్తు రాతలు రాసిన మనిషి అలా మట్టిలో కూర్చుని ఉండటం చాలాకాలం నా కళ్లముందు నుంచి పోలేదు.

నన్ను ఎక్కువ ఆపింది మాత్రం మనవడే. 1785 మార్చి 22న పుట్టాడు. తల్లి హెన్రియెట్టా, వేల్స్‌లోని పొవిస్ కోట హెర్బర్ట్‌ల ఆడపడుచు. తల్లిదండ్రులు మద్రాసుకు ఓడెక్కినప్పుడు ఇతనికి పదమూడేళ్లు. కొడుకులిద్దరినీ చదువు కోసం అక్కడే వదిలి, కూతుళ్లు హెన్రియెట్టా, షార్లెట్‌లను మాత్రం వెంట తెచ్చుకున్నారు. తల్లీకూతుళ్లు 1800లో మద్రాసు నుంచి బెంగుళూరు, మైసూరు మీదుగా వెయ్యి మైళ్లకు పైగా తిరిగారు. ఆ షార్లెట్టే తర్వాత విక్టోరియా రాణికి చిన్నప్పుడు గవర్నెస్ అయింది. మన కుండీల్లో పెంచుకునే క్లైవియా పువ్వుకు ఆమె పేరే పెట్టారు.

1801లో ఇతని మేనమామ పెళ్లి కాకుండానే పోయాడు. పొవిస్ కోట, భూములు మేనల్లుడికి రాశాడు. షరతు ఒక్కటే, ఇంటిపేరు మార్చుకోవాలి. 1807 మార్చిలో రాజు అనుమతి తీసుకుని ఎడ్వర్డ్ క్లైవ్ కాస్తా ఎడ్వర్డ్ హెర్బర్ట్ అయ్యాడు. తండ్రి బతికి ఉండగానే, తండ్రిది క్లైవ్, కొడుకుది హెర్బర్ట్.

మా నాన్నగారినీ పదకొండో ఏట మేనమామకు దత్తత ఇచ్చారు. తెనాలి అవతల ఆరెకరాల మాగాణి, ఒక పెంకుటిల్లు వచ్చాయి. ఇంటిపేరు పోయింది. ఆ దత్తత పత్రం ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. స్టాంపు కాగితం మడతల దగ్గర చిరిగింది. అడుగున మా కన్నతాతగారి సంతకం చివర సిరా పెద్ద చుక్కగా జారి ఉంటుంది, కలం అక్కడ ఆగినట్టు. ఆయన తద్దినం చిన్నాన్న పెడుతుంటే నాన్నగారు లోపలికి రాకుండా అరుగు మీద కూర్చునేవారు. దత్తత వెళ్లినవాడికి ఆ హక్కు లేదని నాకు అర్థమయ్యేసరికి పెద్దదాన్నయ్యాను. అందుకే 1807 అన్న ఆ అంకె నాకు ఉత్త తేదీగా కనిపించదు.

మన గుంటూరు వాళ్లకు దత్తత గొడవలు కొత్తా? వాసిరెడ్డి వారిదే చూడండి. వెంకటాద్రి నాయుడు గారు ఒకరి తర్వాత ఒకరిగా ఇద్దరిని దత్తత తీసుకున్నారు. ఆయన పోయాక వ్యాజ్యం ముప్పై ఏళ్లు సాగింది. మొదటి దత్తత ఉండగా రెండోది చెల్లదని 1846లో లండన్‌లో, మన వ్యాజ్యాలకు అప్పటి చివరి కోర్టయిన ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. ఆ ఏడు క్లైవ్ మనవడు అదే ఊళ్లో ప్రభువుల సభలో, అంటే పార్లమెంటు పై సభలో, ఉన్నాడు.

మీ వ్యాసకర్త పొరపాటుకు మూలం కూడా ఈ పేర్లలోనే ఉంది. 1804లో తండ్రికి పొవిస్ ఎర్ల్ బిరుదు వచ్చింది. ఎర్ల్ పెద్దకొడుకు కాబట్టి ఇతన్ని మర్యాదకి 'వైకౌంట్ క్లైవ్' అనేవారు. ఇంటిపేరు హెర్బర్ట్ అయినా పిలుపు క్లైవ్. 1806 నుంచి 1839 దాకా లడ్లో పట్టణానికి ఎంపీ. 1839లో తండ్రి పోగానే తనే ఎర్ల్ అయి ప్రభువుల సభకు వెళ్లాడు. ఆ ముప్పై మూడేళ్ల మధ్యలోనే మనకు డొక్కల కరువు వచ్చింది. 1832, 33. గుంటూరు జిల్లాలో ఉన్న అయిదు లక్షల మందిలో రెండు లక్షల దాకా పోయారని లెక్క. మా అమ్మమ్మ అన్నం పారేస్తే "డొక్కల కరువు వాళ్లనడుగు" అనేది, వాళ్లమ్మ నుంచి విన్న మాట. 1833లోనే కంపెనీ చార్టరును పొడిగించిన పార్లమెంటులో ఇతనొక సభ్యుడు.

ఇంకో సంగతి మంగళగిరి వాళ్ల కోసం రాస్తున్నాను, మా అమ్మ పుట్టిల్లు అక్కడ కాబట్టి. వేల్స్‌లోని మాంట్‌గోమరీషైర్ జిల్లాకు ఇతను 1830 నుంచి రాజప్రతినిధి. 1839 ఏప్రిల్ చివర అక్కడి లానిడ్లోస్ అనే ఊళ్లో ఉన్నిబట్ట నేసే మగ్గాలవాళ్లు తిరగబడ్డారు. అందరికీ ఓటు కావాలన్న చార్టిస్టుల ఉద్యమం అది. ఆ ఏడు చార్టిస్టులను అణచడానికి ఇతను గుర్రపు దళంతో దిగాడు. మంగళగిరి అయినా లానిడ్లోస్ అయినా నేతగాడి ఆకలి ఒకటే. ఆ పనికి నేను ఇతన్ని క్షమించలేను.

కానీ అదే మనిషి వేల్స్ చర్చి కోసం నిలబడ్డ తీరు చెప్పకపోతే న్యాయం కాదు. మాంచెస్టర్‌లో కొత్త బిషప్ పీఠానికి డబ్బు కావాలని, ఉత్తర వేల్స్‌లోని సెయింట్ అసాఫ్, బాంగోర్ పీఠాలను కలిపేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఇతను 1843 నుంచి ప్రభువుల సభలో బిల్లు మీద బిల్లు పెట్టాడు. ఓడినా మళ్లీ పెట్టాడు. 1847లో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. జనం కృతజ్ఞతగా చందాలు వేస్తే, ఆ డబ్బు వెల్ష్ విద్యార్థులు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో చదువుకోవడానికి స్కాలర్‌షిప్పులయింది. 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ పెట్టుకున్న జిల్లా వాళ్లం, అక్కడివాళ్ల ఆ పట్టుదల మనకు అర్థమవుతుంది. అదే 1847లో కేంబ్రిడ్జి చాన్సలర్ పదవికి విక్టోరియా భర్త ఆల్బర్ట్ మీద పోటీ చేసి, 954కి 837 ఓట్లతో ఓడిపోయాడు. రాణి మొగుడి మీద పోటీకి నిలబడి అన్ని ఓట్లు తెచ్చుకోవడం మాటలు కాదు.

మరుసటి ఏడు జనవరి 7న కోట పక్క అడవిలో పక్షుల వేటలో సొంత కొడుకు తుపాకీ పొరపాటున పేలి గుండు తగిలింది. పది రోజులు మంచాన ఉండి 17న పోయాడు. భార్య లూసీ ఆ తర్వాత ఇరవై ఏడేళ్లు బతికింది. పెద్దకొడుకు బాంగోర్ యూనివర్సిటీ కాలేజీకి మొదటి ప్రెసిడెంటయ్యాడు. ఇంకో కొడుకు పెర్సీ 1857 తిరుగుబాటును అణచిన సైన్యంతో మన దేశానికి వచ్చాడు. అంటే ఆ ఇల్లు మనల్ని నాలుగో తరంలోనూ వదల్లేదు.

ఈ పేర్ల చిక్కు గురించి ఇంత గట్టిగా రాయడానికి కారణం చెబుతాను. క్లైవులు పట్టుకెళ్లిన సొత్తు ఎక్కడుందని వెతికేవాళ్లు క్లైవ్ పేరు మీద వెతుకుతారు. అది చాలావరకు ఆ వేల్స్ ఎర్రరాతి కోటలో, మేనమామ ఇంటిపేరు చాటున ఉంది. కోట 1952లో, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ చేతికి వెళ్లింది, 1987 నుంచి ఆ వస్తువులను క్లైవ్ మ్యూజియం పేరుతో చూపిస్తున్నారు. బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్ చదువుతున్న మా చెల్లెలి మనవడు పోయిన వేసవిలో అక్కడికి వెళ్లి వీడియో కాల్ చేశాడు. "అమ్మమ్మా, ఇది చూడు, మన పెడన అద్దకంలా లేదూ?" అన్నాడు. టిప్పు సుల్తాన్ డేరా అది. తెల్లటి నూలుగుడ్డ మీద గూడులాంటి కమాను, కమాను కింద పూలకుండీ, చుట్టూ ఎర్రటి లతలు. అలాంటి పలకలు వరసగా, గోడంత ఎత్తున. వాడు ఫోను దగ్గరికి తీసుకెళ్తే రేకుల అంచు గీత కనిపించింది, అక్కడక్కడా సన్నబడి, అక్కడక్కడా లావై. ఎవరో చేత్తో గీసిన గీత. ఆ డేరాను ఆ కోటవాళ్లు తోట విందులకు షామియానాగా వేసుకున్నారట. టిప్పు సింహాసనం మీది బంగారు పులి తల కూడా అక్కడే ఉంది. మన పిల్లలు ఇన్ని వందల మంది అక్కడ చదువుతున్నారు. ఎవరి కోటలో ఎవరి సొత్తు చూస్తున్నామో వాళ్లకు తెలియాలంటే ముందు ముగ్గురు మనుషులు విడివిడిగా తెలియాలి.

అందుకని నా మనవి. సవరణను లోపలి పేజీలో మూలన చిన్న అక్షరాల్లో వేయకండి. ఆదివారం అనుబంధంలోనే, వ్యాసం వచ్చిన చోటే, కనిపించేంత అక్షరాల్లో వేయండి. నేను పనిచేసిన బడిలో మీ ఆదివారం పేజీ కత్తిరించి గోడపత్రికకు అంటిస్తారు. మొన్న వెళ్తే ఆ క్లైవ్ వ్యాసం అక్కడ ఉంది, పిల్లలు నోటు పుస్తకాల్లో రాసుకుంటున్నారు. కొత్త పేజీ వస్తే దాని మీద నేనే వెళ్లి అంటించి వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయిని,
బ్రాడీపేట, గుంటూరు