విషయం: ఇంటిని వేడిచేసే లక్ష బీటీయూ (గంటకు ఎంత వేడో చెప్పే కొలత) గ్యాస్ ఫర్నేస్, 3.5 టన్నుల ఏసీ – తప్పుడు సైజు, సగంలో వదిలేసిన అమరికపై ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. గత మార్చిలో మీ కంపెనీ మా బేస్‌మెంట్‌లో అమర్చిన 96 శాతం ఏఎఫ్‌యూఈ (కాల్చిన గ్యాస్ వేడిలో ఇంటికి అందే భాగం) ఫర్నేస్, దాని మీది ఏసీ కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట), బయటి ఏసీ యూనిట్ గురించి రాస్తున్నాం. మేం అడిగింది బడ్జెట్ సిస్టం. సింగిల్ స్టేజ్ (ఒకే మంట స్థాయి) చాలన్నాం, మామూలు థర్మోస్టాట్ చాలన్నాం. వాటి మీద ఫిర్యాదేమీ లేదు, మెషీన్లు మంచివే. మీరు ఖర్చు తగ్గించుకున్నది మెషీన్లో కాదు, పనిలో. ఇంటి లెక్క కట్టలేదు, గాలి పోయే డక్టు కొలవలేదు, చిమ్నీ వైపు తలెత్తి చూడలేదు.

చిమ్నీ సంగతి ముందు చెప్తాం, మిగతావి నాలుగు రోజులు ఆగినా అది ఆగదు. పాత ఫర్నేస్, గ్యాస్ వాటర్ హీటర్ రెండూ ఒకే ఇటుక చిమ్నీలోకి పొగ వదిలేవి. కొత్త ఫర్నేస్ పొగ పీవీసీ గొట్టంలో పక్కగోడ గుండా బయటికి పోతోంది. దాంతో అంత పెద్ద చిమ్నీకి 40,000 బీటీయూ వాటర్ హీటర్ ఒక్కటే మిగిలింది. ఆ కాస్త వేడికి ఇటుక వేడెక్కదు, వేడెక్కకపోతే పొగ పైకి లాగదు. పొగలోని ఆవిరి మధ్యలోనే నీరై ఇటుకల మధ్య సున్నాన్ని తినేస్తుంది. అంతకన్నా ప్రమాదం, కాలిన గ్యాస్ వెనక్కి తిరిగి ఇంట్లోకి రావడం. కిటికీలు, తలుపులు మూసి, బాత్రూం ఫ్యాన్లు, బట్టల డ్రైయర్ ఆన్ చేసి, వాటర్ హీటర్ బర్నర్‌ను 5 నిమిషాలు మండనిచ్చాం. ఆ తర్వాత డ్రాఫ్ట్ హుడ్ (హీటర్ మీద పొగగొట్టం మొదట్లోని మూత) అంచు దగ్గర చిన్న అద్దం పెట్టి చూశాం. బర్నర్ వెలిగిన మొదటి నిమిషంలో మసకబారినా ఆపాటికి తేటగా ఉండాల్సిన అద్దం 5 నిమిషాలు దాటినా తడిగానే ఉంది. హీటర్‌కు గ్యాస్ కట్టేశాం. చిమ్నీలో ఎన్‌ఎఫ్‌పీఏ 54 (అమెరికా గ్యాస్ కోడ్) పట్టికల ప్రకారం సైజు చూసి లోహపు లైనర్ దింపాలి, లేదా వాటర్ హీటర్‌ను ఫ్యాన్‌తో పొగను బయటికి తోసే పవర్ వెంట్‌ది మార్చాలి. ఫర్నేస్‌ను చిమ్నీ నుంచి విడదీసిన రోజే చేయాల్సిన పని ఇది. మీ కొటేషన్‌లో దీని ఊసే లేదు. అదే కొటేషన్‌లో కాయిల్ మీద యూవీ లైటుకు మాత్రం విడిగా ఒక లైను ఉంది.

ఇక సైజు. పాత ఫర్నేస్ స్టిక్కర్ మీద లక్ష బీటీయూ ఉంది కాబట్టి కొత్తదీ లక్షే పెట్టారు. ఆ లక్ష లోపలికి వెళ్లే గ్యాస్ లెక్క, బయటికొచ్చే వేడి లెక్క కాదు. పాతది 80 శాతం కాబట్టి ఇంటికి అందించింది 80,000. కొత్తది 96 శాతం, అందిస్తున్నది 96,000. అంటే పాత సైజే అని చెప్పి ఐదో వంతు పెంచారు. పాతదే ఈ ఇంటికి ఎక్కువని గది గదికీ మాన్యువల్ జె (ఇంటికి కావాల్సిన వేడి, చల్లదనం కట్టే పద్ధతి) లెక్క వేస్తే తేలింది: చలికాలం డిజైన్ ఉష్ణోగ్రతలో (లెక్కకు తీసుకునే తీవ్ర చలిలో) ఇంటికి కావాల్సిన వేడి గంటకు 48,000 బీటీయూ, ఎండాకాలం తీసేయాల్సిన వేడి 29,000. 60,000 బీటీయూ ఫర్నేస్ 96 శాతంతో 57,600 ఇస్తుంది, అవసరానికి ఐదో వంతు ఎక్కువే. ఏసీ 2.5 టన్నులు, అంటే 30,000, సరిగ్గా సరిపోతుంది. మీరు పెట్టింది 3.5 టన్నులు, 42,000. కొలత లేకుండా కుట్టిన చొక్కా వదులైతే మడిచి వేసుకోవచ్చు, ఫర్నేస్‌తో ఆ సర్దుబాటు కుదరదు.

మార్చిలోనే ఫర్నేస్ నడుస్తుండగా కొలిచిన అంకెలివి. ఇంట్లో మిగతా గ్యాస్ పరికరాలన్నీ ఆపేసి మీటరు ముందు నిలబడ్డాం. ఒక ఘనపు అడుగు ముల్లు పూర్తి చుట్టు తిరగడానికి 37 సెకన్లు పట్టింది. గంటకు 97 ఘనపు అడుగులు, అడుగుకు సుమారు 1,030 బీటీయూ చొప్పున లక్ష. మానిఫోల్డ్ ప్రెషర్ (బర్నర్లకు చేరే గ్యాస్ ఒత్తిడి) 3.5 అంగుళాల నీటిమట్టం. అంటే బర్నర్ అతిగా మండటం లేదు, గ్యాస్ సెట్టింగులో తప్పు లేదు. ఫర్నేస్‌లోకి తిరిగొచ్చే రిటర్న్ గాలి 68 డిగ్రీల ఫారన్‌హీట్, వేడెక్కి గదులకు వెళ్లే సప్లై గాలి 149. తేడా 81. ఫర్నేస్ తలుపు లోపలి రేటింగ్ ప్లేట్ మీద అనుమతించిన తేడా 35 నుంచి 65. బర్నర్లు వెలిగిన ఆరేడు నిమిషాలకు లిమిట్ స్విచ్ తెరుచుకుంది, మంట ఆరింది, బ్లోయర్ మాత్రం తిరుగుతూనే ఉంది. కాస్త చల్లబడ్డాక మళ్లీ వెలుగు, మళ్లీ అదే తంతు. లిమిట్ స్విచ్ ఉన్నది ప్రమాదంలో ఆపడానికి, రోజూ ఫర్నేస్‌ను నడపడానికి కాదు. ఇలా గంటకు ఇన్నిసార్లు అతిగా కాగి చల్లారితే మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ లోహం అలసి పగుళ్లిస్తుంది.

మీ టెక్నీషియన్ వచ్చి బ్లోయర్‌ను అన్నిటికన్నా ఎక్కువ స్పీడ్ ట్యాప్‌కు మార్చి వెళ్లారు. పైన చెప్పిన 81 ఆ మార్పు తర్వాత వచ్చిన అంకే. 96,000ను 1.08తోనూ (గాలి లెక్కకు వాడే స్థిర అంకె), 81తోనూ భాగిస్తే గాలి నిమిషానికి సుమారు 1,097 ఘనపు అడుగులు. తేడా 65కు దిగాలంటే 1,367 కావాలి. ఆ గాలి ఈ డక్టులో పట్టదు. ఫిల్టర్‌కూ బ్లోయర్‌కూ మధ్య, ఫర్నేస్‌కూ కాయిల్‌కూ మధ్య రంధ్రాలు చేసి ఒత్తిడి కొలిచే మానోమీటర్ పెట్టి చూశాం: ఒక పక్క మైనస్ 0.43, ఇంకో పక్క ప్లస్ 0.43. మొత్తం స్టాటిక్ ప్రెషర్ (గాలి నడకకు ఎదురయ్యే ఒత్తిడి) 0.86 అంగుళాలు. ప్లేట్ మీద గరిష్ఠం 0.5. ఆ 0.86లో ఫిల్టర్ ఒక్కటే 0.28 తినేస్తోంది. కాయిల్ 0.26, సప్లై డక్టు 0.17, రిటర్న్ డక్టు 0.15. 16కు 25 అంగుళాల ఒంటి అంగుళం ప్లీటెడ్ ఫిల్టర్ వైశాల్యం 2.8 చదరపు అడుగులు కూడా లేదు, దాని గుండా ఇంత గాలి లాగుతున్నారు. ఆ శబ్దం హాల్లో కూర్చుంటే వినిపిస్తుంది. ఫిల్టర్ తలుపు తీయగానే శబ్దం తగ్గుతుంది, కారణం అక్కడే తేలిపోతుంది.

ఫోనులో మీ సేల్స్ ప్రతినిధి చెప్పిన పరిష్కారం, అదనపు సొమ్ము కట్టి రెండు స్టేజీల ఫర్నేస్‌కు మారమని. తొలి స్టేజ్‌లో తక్కువగా మండుతుంది కాబట్టి పెద్ద సైజు సర్దుకుంటుందని వాదన. లెక్క చూడండి. లక్ష బీటీయూ ఫర్నేస్ తొలి స్టేజ్ 65 శాతమనుకుంటే 65,000 లోపలికి, 62,400 బయటికి. తీవ్రమైన చలిలో ఈ ఇంటికి కావాల్సిన 48,000 కన్నా అదే ఎక్కువ. రెండో స్టేజ్ ఎప్పటికీ అవసరం పడదు, దానికి డబ్బు మాత్రం కట్టాలి. సరైన సైజు సింగిల్ స్టేజ్, తప్పు సైజు రెండు స్టేజీలకన్నా చౌకా, మేలూ.

వేసవి మొదలయ్యాక ఏసీ సంగతీ బయటపడింది. థర్మోస్టాట్ మీద 75 డిగ్రీలు ఏడెనిమిది నిమిషాల్లో వచ్చేస్తాయి, ఏసీ ఆగిపోతుంది, ఇంట్లో తేమ 62 శాతం. గాలిలోని నీరు కాయిల్ మీద చేరి, బొట్లుగా మారి, పళ్లెంలోకి జారి, డ్రెయిన్ దాకా వెళ్లడానికి కొంతసేపు పడుతుంది. ఆ లోపే కంప్రెసర్ ఆగితే కాయిల్‌ను అంటుకున్న నీరు మళ్లీ ఆవిరై గదుల్లోకే వస్తుంది. ఇల్లు చల్లగా ఉంటుంది, దుప్పట్లు మాత్రం చెమ్మగా ఉంటాయి. పైగా 3.5 టన్నులకు టన్నుకు 400 చొప్పున 1,400 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగుల గాలి) కావాలి, అందుతున్నది 1,100 దగ్గర. ఫిల్టర్ కాస్త మురికి పట్టిందంటే కాయిల్ మీద మంచు పేరుకోవడం ఖాయం. అప్పుడు ఏసీలో గ్యాస్ తక్కువైందని ఎవరో వచ్చి రిఫ్రిజిరెంట్ (ఏసీలో చల్లబరిచే గ్యాస్) ఎక్కించి పోతారు, ఆ తప్పుకు దెబ్బ కంప్రెసర్ మీద పడుతుంది.

కొటేషన్‌లో ఏసీ సామర్థ్యం "14 సీర్" అని రాశారు. 2023 జనవరి 1 నుంచి కొలమానం సీర్2. మీ యూనిట్‌ను ఆ కొత్త కొలతలో 13.4గా చెప్పాలి, అది అమెరికా ఉత్తరాది రాష్ట్రాలకు కనీస స్థాయి. బడ్జెట్ యూనిట్‌కు కనీస స్థాయి ఉండటం తప్పు కాదు, దాన్ని పాత అంకెతో పెద్దది చేసి చూపడం తప్పు. సీర్2 పరీక్షలో డక్టు ఒత్తిడిని పాత పరీక్షకన్నా పెంచారు, నిజమైన ఇళ్లకు దగ్గరగా ఉండాలని. మా ఇంట్లో ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువ కాబట్టి 13.4 కూడా అందదు. బయటి యూనిట్, కాయిల్, ఫర్నేస్ మూడూ కలిపిన ఏహెచ్‌ఆర్‌ఐ (పరికరాల జత పనితీరును ధ్రువీకరించే సంస్థ) సర్టిఫికెట్ నంబరు ఇవ్వలేదు. అది లేకుంటే ఆ అంకెకు ఆధారమే లేదు. మరొకటి, 600 డాలర్ల ఫెడరల్ టాక్స్ క్రెడిట్ వస్తుందని కొటేషన్ అడుగున రాశారు. 2025 డిసెంబర్ 31 తర్వాత అమర్చినవాటికి ఆ క్రెడిట్ (పన్ను చట్టం సెక్షన్ 25సి) లేదు. ఉన్న రోజుల్లో కూడా ఫర్నేస్‌కు 97 శాతం అడిగేవారు, మీది 96.

పీవీసీ వెంట్ విషయం చిన్నదిగా కనిపిస్తుంది, కానీ చలికాలం రాత్రి ఫర్నేస్‌ను ఆపేది ఇలాంటివే. అడ్డంగా వెళ్లే గొట్టం అడుగుకు పావు అంగుళం చొప్పున ఫర్నేస్ వైపు వాలాలి, లోపల చేరిన నీరు వెనక్కి జారి డ్రెయిన్‌లో పడాలి. 18 అడుగుల గొట్టానికి ఆ వాలు 4.5 అంగుళాలు. మీరు 8 అడుగులకు ఒక హ్యాంగర్ వేశారు. మధ్యలో గొట్టం కిందికి కుంగింది, లెవెల్ పెడితే బుడగ వెనక్కి పోతోంది. అక్కడ నీరు నిలుస్తోంది, ఫర్నేస్ మొదలైనప్పుడల్లా గుడగుడమంటోంది. నీరు పెరిగితే పొగదారి ఇరుకై ప్రెషర్ స్విచ్ తెరుచుకుంటుంది, ఫర్నేస్ వెలగదు. అది చూసి ప్రెషర్ స్విచ్ మార్చేవాళ్లు చాలామంది, గొట్టం మాత్రం అలాగే ఉంటుంది. గ్యాస్ లైనుకు ఫర్నేస్ ముందు మురికి దిగే సెడిమెంట్ ట్రాప్ కూడా లేదు. టీ వేసి కింద కనీసం 3 అంగుళాల ముక్క, దానికి మూత. పది నిమిషాల పని.

మీరు పాత రాగి గొట్టాలనే వాడారు. సైజు సరిపోతే, లోపల శుభ్రం చేస్తే దానికి అభ్యంతరం లేదు. కానీ ఈ యూనిట్‌లో ఉన్నది ఆర్‌-454బి, కొద్దిగా మండే గుణం ఉన్న రిఫ్రిజిరెంట్. నైట్రోజన్‌తో ఎంత ఒత్తిడికి లీక్ పరీక్ష చేశారు, వ్యాక్యూమ్ 500 మైక్రాన్ల (శూన్యత కొలత) కిందికి వెళ్లిందా, పంపు ఆపి కాసేపు ఉంచితే అంకె నిలబడిందా, ఫ్యాక్టరీ ఛార్జ్ సరిపోని అదనపు అడుగులకు తూకం వేసి ఎంత కలిపారు, చివరికి సబ్‌కూలింగ్ (ఛార్జ్ సరిపోయిందో చెప్పే కొలత) ఎంత వచ్చింది, ఒక్కటీ కాగితం మీద లేదు. కాయిల్‌లోని లీక్ సెన్సర్ పలికినప్పుడు కంప్రెసర్ ఆగి బ్లోయర్ తిరుగుతుందో లేదో పరీక్షించి చూపాలి. మీ మనిషిని అడిగితే సెన్సర్ ఎక్కడుందో వెతికారు.

మేం కోరేవి ఇవి. చిమ్నీ లైనర్ పని, ఈ లేఖ అందిన 48 గంటల్లో మొదలుపెట్టాలి. ఫర్నేస్ స్థానంలో 60,000 బీటీయూ 96 శాతం సింగిల్ స్టేజ్, ఏసీ స్థానంలో 2.5 టన్నులు, కాయిల్‌తో కలిపి ఏహెచ్‌ఆర్‌ఐ జత ఉన్నవి పెట్టాలి. 57,600 వేడికి 1,000 సీఎఫ్‌ఎం గాలితో తేడా 53 డిగ్రీలు వస్తుంది, ప్లేట్ మీది హద్దులోనే. సైజు తగ్గించినంత మాత్రాన పని అయిపోదు: 1,000 సీఎఫ్‌ఎం దగ్గర కూడా ఇప్పుడున్న డక్టులో ఒత్తిడి 0.7 దగ్గరే ఉంటుంది. అందుకే ఒంటి అంగుళం ఫిల్టర్ తీసేసి 20కు 25 కొలతలో 4 అంగుళాల మీడియా క్యాబినెట్ పెట్టాలి, హాల్లో ఇంకో రిటర్న్ గ్రిల్ తీయాలి. అప్పుడు 0.5 దగ్గరికి వస్తుంది. యూవీ లైటు వెనక్కి తీసుకుని ఆ మొత్తాన్ని ఈ పనికి సర్దండి.

లక్ష బీటీయూ ఫర్నేస్‌నే ఉంచుతామంటే, 1,400 సీఎఫ్‌ఎం పట్టేలా రిటర్న్, సప్లై డక్టులు మీ ఖర్చుతో మార్చి, మా ముందు కొలిచి, తేడా 65 లోపు, ఒత్తిడి 0.5 లోపు చూపండి. బేస్‌మెంట్ సీలింగ్ విప్పాల్సి ఉంటుంది, చిన్న మెషీన్ పెట్టడమే మీకు చౌక. ఏ దారి ఎంచుకున్నా పర్మిట్ తీసి, ఇన్‌స్పెక్టర్ సంతకంతో ముగించాలి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ రీడింగు, పైన అడిగిన కొలతలన్నీ రాతపూర్వకంగా ఇవ్వాలి. తయారీదారు వారంటీని గడువులోపు మీరు రిజిస్టర్ చేసి ఆ కాగితం పంపాలి.

మిగతా పనుల తేదీ పది పనిదినాల్లో రాతపూర్వకంగా తెలపండి. రాకపోతే చివరి వాయిదా సొమ్ము నిలిపేసి, ఇవే కొలతలను పర్మిట్ కార్యాలయానికీ, రాష్ట్ర కాంట్రాక్టర్ లైసెన్సింగ్ విభాగానికీ పంపుతాం. మానోమీటర్, మీటరు, రేటింగ్ ప్లేట్ ఫొటోలు, మాన్యువల్ జె పేజీలు జతచేశాం. చిమ్నీ చూడటానికి వచ్చేవాళ్లు ముందుగా ఫోన్ చేస్తే చాలు, బేస్‌మెంట్ తలుపు తీసి ఉంచుతాం.

ఇట్లు,
గృహ యజమానులు