దెయ్యం కథ రాస్తున్న మా అబ్బాయికి

చిన్నా,

నీ స్క్రిప్ట్ చదివాను. నాలుగో పేజీలోనే దెయ్యాన్ని చూపించేశావేంట్రా? అదీ జుట్టు విరబోసుకుని, తెల్లచీరలో! మిగతా పేజీలన్నీ మేం దేనికి భయపడాలి?

కృష్ణానగర్‌లో డబ్బింగ్ చెప్పుకుని బతుకుతున్నదాన్ని. ఇలాంటి సీన్లు మ్యూజిక్ పడకముందే చూస్తాను. ఆర్ఆర్ (రీ-రికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) లేకుండా చూస్తే, దెయ్యం మీదపడే షాట్‌కి స్టూడియోలో నవ్వే వస్తుంది. అదే ఒక చిన్నపిల్ల ఖాళీ గదివైపు తిరిగి "ఉండు, వస్తున్నా" అని మామూలుగా అనిందనుకో, అప్పుడు ఎవరూ నవ్వరు.

బల్ల కింద బాంబుందని ప్రేక్షకుడికి ముందే చెప్పమన్నాడు సస్పెన్స్ సినిమాల డైరెక్టర్ హిచ్‌కాక్. తెలిస్తే, పైన కూర్చున్నవాళ్లు ఆడే సొల్లు కబుర్లు కూడా టెన్షనే. తెలియకుండా పేలితే ఒక్కసారి ఉలిక్కిపడి ఊరుకుంటాం.

2009లో వచ్చిన '13బి' సినిమా మళ్లీ చూడు. 'ఇష్క్', 'మనం' తీసిన విక్రమ్ కె. కుమారే దానికీ డైరెక్టర్. కొత్త ఫ్లాట్‌లో పాలు విరిగిపోతుంటాయి. హీరో మాధవన్ ఒక్కడే ఎక్కితే లిఫ్ట్ కదలదు, ఇంకొకరు ఎక్కితే కదులుతుంది. టీవీ సీరియల్లో ఏం జరిగితే ఇంట్లోనూ అదే జరుగుతుంది, మొదట్లో అన్నీ మంచివే. ఆ లెక్క మనకు అర్థమయ్యాక సీరియల్ టైమైతే చాలు, గుండె దడ. మన అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఆగితే వాచ్‌మన్‌ని తిట్టి ఊరుకుంటాం. విక్రమ్ అక్కడే కథ పట్టుకున్నాడు.

నీ దెయ్యానికి లెక్కాపత్రం లేదు. ఒకచోట గోడలోంచి వస్తుంది, ఇంకోచోట గడియ వేస్తే బయటే ఆగిపోతుంది. ఏమిటది? ఎప్పుడొస్తుంది, ఎవరి జోలికి పోదు, దానికేం కావాలి, ముందు నువ్వు తేల్చుకో. అన్నీ మాకు చెప్పక్కర్లేదు గానీ, ఒకటి మాత్రం హీరో కంటే ముందే మాకు తెలియాలి.

అదే ఏడాది వచ్చిన 'అరుంధతి'లో విలన్ పశుపతి ఎదురుగా నిలబడి అరుస్తాడు కదమ్మా అంటావు. నిజమే. కానీ వాడికేం కావాలో మనకు తెలుసు, సమాధిలోంచి బయటపడితే ఏమవుతుందో కూడా తెలుసు. పైగా పశుపతిగా వేసిన సోనూ సూద్‌కి రవిశంకర్ గారు డబ్బింగ్ చెప్పిన గొంతు! మా వృత్తి కాబట్టి చెప్తున్నాను, ఆ భయంలో సగం వాటా ఆ గొంతుదే.

పాత బంగళా కోసం వెతక్కు, అద్దె దండగ. మన ఫ్లాట్‌లోనే తీసుకో, రెండ్రోజులు మేం పిన్ని వాళ్లింటికి పోతాం. పిల్ల గొంతు నేనే చెప్తాను. పేమెంట్ మాత్రం వదలను.

అమ్మ