హాజరు పట్టీని అడ్డంగా చదవండి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పిల్లలు మధ్యలోనే చదువు ఎందుకు మానేస్తున్నారని అడిగితే పేదరికం అన్న ఒక్క మాటతో చర్చ ముగిసిపోతుంది. పేదరికం నిజమే. కానీ ఒకే స్థితిలో ఉన్న ఇద్దరిలో ఒకరు చివరిదాకా నిలబడి, ఇంకొకరు జారిపోవడానికి కారణం చాలాసార్లు బడిలోనే ఉంటుంది.

ఎవరూ ఒక్కరోజులో బడి మానరు. ముందు అక్కడో రోజు ఇక్కడో రోజు పోతుంది, తర్వాత పరీక్షలకు రారు, ఆపైన వారాలకు వారాలే కనబడరు. ఇదంతా హాజరు పట్టీలో ఉంటుంది, మనం చూసేది మాత్రం సగటు. 40 మంది తరగతిలో హాజరు 92 శాతం అంటే బాగున్నట్టే అనిపిస్తుంది. కానీ అందులో నలుగురు సగం రోజులే వస్తున్నా, మిగతా వాళ్ల హాజరు 97 శాతం దాకా ఉంటే సగటు 92 దగ్గరే నిలుస్తుంది. పట్టీని నిలువుగా కూడితే ఆ నలుగురూ కనబడరు. ఒక్కో పేరునూ అడ్డంగా చదవాలి.

220 పనిదినాల్లో పదో వంతు 22 రోజులు, అంటే నెలకు సుమారు రెండే. ఆ రెండు దాటిన పేర్లను క్లాస్ టీచర్ ప్రతి నెలాఖరునా విడిగా రాసుకోవాలి. ఇలా ముందే పసిగట్టవచ్చని అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం బడుల మీద 2007లో వెలువడిన పరిశోధన కూడా చెప్పింది. ఆరో తరగతిలోనే హాజరు 80 శాతం లోపు పడిపోవడం, లెక్కల్లోనో ఇంగ్లిష్‌లోనో తప్పడం, ప్రవర్తన బాగాలేదని శిక్ష పడటం అనే గుర్తులతో, తర్వాత హైస్కూలు పూర్తి చేయలేకపోయిన వాళ్లలో 60 శాతం మందిని ముందే గుర్తించవచ్చని తేలింది.

పేరు తెలిశాక కారణం కనుక్కోవాలి, ఎందుకంటే అందరికీ ఒకే మందు పనిచేయదు. బిహార్ 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. చేరికలు పెరిగింది ఎక్కువగా హైస్కూలు మూడు కిలోమీటర్లకు పైగా దూరం ఉన్న ఊళ్లలోనే. బడి పక్కనే ఉన్నా పిల్ల రావడం లేదంటే చూడాల్సింది మరుగుదొడ్డి. కాగితాల మీద అది ఉంటుంది. లోపల గడియ ఉండదు, నీళ్లు రావు, లేదా తాళంచెవి స్టాఫ్ రూములో ఉంటుంది. నెలసరి రోజుల్లో వెళ్లి తాళంచెవి అడగలేక ఆ పిల్ల ఇంట్లోనే ఆగిపోతుంది. నెలకు మూడు రోజులు పోయినా ఏడాదిలో 22 ఎప్పుడో దాటిపోతాయి.

అన్నిటికంటే లోతైనది చదవలేకపోవడం. కింది తరగతుల్లో కూడబలుక్కుని నెట్టుకొచ్చిన పిల్లవాడి ముందు ఒక్కసారిగా లావుపాటి సైన్సు పుస్తకం పెడతాం. ఏడాది మొదట్లో ఒక్కొక్కరిచేత ఒక పేరా చదివిస్తే మనిషికి రెండు నిమిషాలు, తరగతి మొత్తానికి 80 నిమిషాలు. తడబడిన వాళ్లకు రోజూ ఒక పీరియడ్ వాళ్ల స్థాయిలోనే చదువు చెప్పాలి. అది చేయకుండా ఫెయిల్ చేసి, అదే తరగతిలో అదే పుస్తకంతో తనకంటే చిన్నవాళ్ల మధ్య కూర్చోబెడితే వాడు రాడు.

బడి మారే చోట ఇంకో గండి ఉంది. కింది బడి టీసీ ఇచ్చి పేరు తీసేస్తుంది, పై బడి చేరితేనే పేరు రాస్తుంది. మధ్యలో ఆ బిడ్డ ఏ పట్టీలోనూ ఉండదు. టీసీ తీసుకున్న వాళ్ల జాబితాను, చేరిన వాళ్ల జాబితాను మొదటి వారంలోనే పక్కపక్కన పెట్టి చూడాలి.

పదిహేను రోజుల తర్వాత తిరిగొచ్చిన పిల్లను దయచేసి అందరి ముందూ నిలబెట్టి నిలదీయకండి. పోయిన పాఠాల నోట్సు ఇప్పించండి.

విద్యాశాఖకు ఒక విన్నపం. పైన చెప్పిన నలుగురి పేర్లూ కొట్టేస్తే ఆ తరగతి సగటు 92 నుంచి 96 దాటుతుంది. పిల్లల్ని పోగొట్టుకున్న బడికే మంచి పేరొస్తుంది. అందుకే సగటుతో పాటు, 22 రోజులు దాటి రాని వాళ్లెందరో, కొట్టేసిన పేర్లెన్నో కూడా ప్రతి బడీ ఏటా బయటపెట్టేలా ఆదేశించాలి.

– ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు