సునామీ స్మారకానికి ఇనుప కడ్డీ వద్దు

సంపాదకులకు,

2004 సునామీ మృతుల గుర్తుగా మన తీరంలో అంతర్జాతీయ శిల్పోత్సవం పెట్టి, ఓ పెద్ద స్మారకం చెక్కిస్తే బాగుంటుంది. చుక్కలు మెరిసే నల్ల గ్రానైటు, చీమకుర్తి గెలాక్సీ రాయి, పక్కనే ఉంది. అయితే ఘనమీటరు సుమారు 3 టన్నులు తూగుతుంది. మీటరు చదరంలో 4 మీటర్ల నిలువు రాయంటే 12 టన్నులు! 12 టన్నుల క్రేన్ సరిపోతుందనుకోవద్దు, బూమ్ (క్రేన్ చెయ్యి) చాచేకొద్దీ దాని సత్తువ పడిపోతుంది. 40 టన్నులదైతే నయం. గొలుసు వేస్తే అంచులు పెచ్చులూడతాయి, వెడల్పాటి బెల్టులే వాడాలి.

అసలు చిక్కు రాళ్లను కలిపే అతుకుల దగ్గర. ఖర్చు తగ్గుతుందని రాతి రంధ్రంలోకి మామూలు ఇనుప కడ్డీ దించితే ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉబ్బుతుంది, రాయి నిలువునా చీలుతుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలే వేయాలి. డ్రిల్లు చేసిన రంధ్రంలో పొడి మిగిలితే ఎపాక్సీ జిగురు రాతిని పట్టదు. గాలి కొట్టి, కడిగి, పూర్తిగా ఆరనిచ్చాకే పోయాలి.

పేర్లకు రంగు దండగ. పాలిష్ చేసిన నల్లరాతిపై చెక్కిన అక్షరం తనంతట తానే తెల్లగా కనబడుతుంది.

పునాది మాత్రం ఇసుక పొర మీద ఆపకండి. మట్టి పరీక్ష చేయించాకే లోతు తేల్చాలి.

– ఒక శిల్పి, ఒంగోలు