ఇల్లు అమ్మేవారి చేతికి ఎంత వస్తుందో ముందే చెప్పే కాగితం ఇప్పించండి

తెలంగాణ రాష్ట్ర రెవెన్యూ, స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. నేను నల్లగొండ పట్టణవాసిని. బ్యాంకులో గృహ రుణాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందాను. ఇల్లు అమ్ముకోదలచిన ఇరుగుపొరుగువారు, తెలిసినవారు బయానా తీసుకునే ముందు కాగితాలు చూపించుకోవడానికి ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. వారిలో ఎక్కువమంది అడిగేది ఒక్కటే: “అన్నీ పోను మా చేతికి ఎంత వస్తది సార్?” ఈ ప్రశ్నకు ప్రభుత్వం తరఫున రాతపూర్వకంగా జవాబు చెప్పే ఏర్పాటు మన రిజిస్ట్రేషన్ వ్యవస్థలో లేదు. దాన్ని మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

కొనేవారి ఖర్చు విషయంలో ఈ ఇబ్బంది అంతగా లేదు. 2021 జూలైలో రేట్లు పెంచినప్పటి నుంచి స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం, మొత్తం 7.5 శాతమని అందరికీ తెలుసు. మీ శాఖ వెబ్‌సైటులో ఆ లెక్క చూసుకోవచ్చు కూడా. వేరే ఒప్పందం లేనప్పుడు స్టాంపు డ్యూటీ కొనేవారే భరించాలని 1899 నాటి స్టాంపు చట్టమే చెబుతున్నది. దానితో అమ్మేవారికి ఖర్చేమీ ఉండదన్న నమ్మకం మన జిల్లాల్లో బలంగా నాటుకుపోయింది. ఆ నమ్మకంతోనే బయానా పుచ్చుకుంటారు, ఆ లెక్కతోనే బిడ్డ పెళ్లికో మరో ఇంటికో మాట ఇచ్చేస్తారు.

ఒక కుటుంబం సంగతి చెబుతాను. భర్త చాలా ఏళ్ల క్రితం కట్టించిన ఇంటిని ఆయన పోయిన తర్వాత భార్య అమ్మదలచింది. కూతురు ఇక్కడే ఉంది, కొడుకు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. రూ.60 లక్షలకు బేరం కుదిరింది. తలా రూ.20 లక్షలు వస్తాయని ఆ తల్లి ఒక నోటుపుస్తకంలో రాసుకుని వచ్చింది. మొత్తం ధర రూ.50 లక్షలు దాటింది కాబట్టి తల్లీకూతుళ్ల వాటాలపై కొనేవారు 1 శాతం చొప్పున, అంటే రూ.40 వేలు, ముందే పట్టుకుని ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. విదేశంలో ఉన్న కొడుకు వాటాకు ఆ 1 శాతం వర్తించదు. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే ధ్రువపత్రం తెచ్చుకోకపోతే, సెస్సుతో కలిపి 13 శాతం లెక్కన అతని రూ.20 లక్షల్లో రూ.2,60,000 ఆగిపోతుంది. రిటర్ను దాఖలు చేసి ఎక్కువైనది వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, ఆ డబ్బు వచ్చేదాకా కొత్త ఇంటి వాయిదా ఆగదు కదా. మధ్యవర్తి కమీషన్, ఇంటి పన్ను బకాయి, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత లింకు దస్తావేజు నకలు, కొడుకు రాలేకపోతే అక్కడి నుంచి పంపవలసిన పవర్ ఆఫ్ అటార్నీ ఖర్చు అదనం. నేను ఒక్కొక్కటే చెబుతుంటే ఆమె మౌనంగా నోటుపుస్తకంలో పాత అంకెలు కొట్టివేసుకుంటూ పోయింది. బయానా అప్పటికే పుచ్చుకున్నందువల్ల ధర మార్చే అవకాశం ఆమెకు లేదు.

ఆదాయపు పన్ను కేంద్రానిదని నాకు తెలుసు. అయితే ఇల్లు అమ్మగా వచ్చిన లాభంపై వేసే ఆ పన్ను లెక్కలో మీ శాఖ ఇచ్చే ఒక కాగితానికి చాలా విలువ ఉంది. 2001 ఏప్రిల్ 1కి ముందు సంపాదించిన ఇంటికి ఆ తేదీ నాటి విలువను అసలు ఖరీదుగా తీసుకోవచ్చు గానీ, అది రిజిస్ట్రేషన్ల కోసం ఆనాడు ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువను మించకూడదు. కాబట్టి 2001 నాటి మార్కెట్ విలువ ఎంతో తెలిపే పత్రం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచే రావాలి. 2024 జూలై 23కు ముందు కొన్న ఇంటిని అమ్మే స్వదేశీ నివాసులు ద్రవ్యోల్బణ సర్దుబాటుతో (అంటే ధరల పెరుగుదల మేరకు అసలు ఖరీదును పెంచి లెక్కిస్తే) 20 శాతమో, అది లేకుండా 12.5 శాతమో ఏది తక్కువైతే అది కట్టవచ్చు. ప్రవాస కొడుక్కి ఆ ఎంపిక లేదు. 2001 నాటి విలువ చేతిలో లేకపోతే ఏది లాభమో తేల్చడమే కుదరదు. పాత మార్కెట్ విలువలను వార్డులవారీగా, గ్రామాలవారీగా వెబ్‌సైటులో పెట్టించడం మీరు తలచుకుంటే పెద్ద పని కాదు.

దస్తావేజులో ధర తగ్గించి రాయించే అలవాటు గురించి కూడా చెప్పక తప్పదు. తగ్గించిన మేరకు 7.5 శాతం మిగుల్చుకోవాలని, ఆ మొత్తం నగదుగా ఇస్తామని కొనేవారు అడుగుతారు, అమ్మేవారు మొహమాటానికి ఒప్పుకుంటారు. ఇంటి అమ్మకంలో రూ.20 వేలు, అంతకుమించి నగదుగా పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా పడవచ్చునని ఆ గదిలో ఉన్న ఎవరూ వారికి చెప్పరు. లెక్కకు రాని ఆ నగదుతో కొత్త ఇల్లు కొన్నా పన్ను మినహాయింపు అడగలేరు. లాభపడేది ఒకరు, చిక్కుల్లో పడేది మరొకరు.

బ్యాంకు రుణం ఉన్న ఇళ్లది మరో చిక్కు. మారే వడ్డీపై వ్యక్తులు తీసుకున్న గృహ రుణాన్ని ముందుగా తీర్చినందుకు అపరాధ రుసుము వసూలు చేయకూడదు. అప్పు తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలని, ఆలస్యమైతే రోజుకు రూ.5 వేలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. ఈ సంగతి తెలియక కొనేవారి గడువు దాటిపోయి బయానా పోగొట్టుకున్నవారున్నారు.

ఇక అన్నిటికన్నా బాధ కలిగించేది, దస్తావేజు రాసేవారు ఇచ్చే చిన్న చీటీ. చలాన్ అంకెల కింద “ఆఫీసు ఖర్చు” అని ఒక వరుస ఉంటుంది. అది ఎవరికి చెందుతుందో, ఏ నిబంధన కింద వసూలు చేస్తున్నారో రాసి ఉండదు, రసీదూ ఉండదు. అడిగితే పని ఆగుతుందేమోనన్న భయంతో జనం చెల్లించి వస్తున్నారు. ఇది నేను ఒక్క కార్యాలయాన్ని వేలెత్తి చూపడానికి రాయడం లేదు. మీరు ఆ వరుసను చట్టబద్ధం కాదని బహిరంగంగా ప్రకటిస్తే చాలు, అడిగే ధైర్యం జనానికి వస్తుంది.

అమెరికాలో గృహ రుణంతో కొనేవారికి ఒప్పందం ముగియడానికి కనీసం మూడు పనిదినాల ముందే ఖర్చులన్నీ వివరించే పత్రం చేతికి ఇవ్వాలన్న నిబంధన 2015 నుంచి ఉంది. అమ్మేవారికీ వారి లెక్క విడిగా అందుతుంది. మన దగ్గర దీనికి కొత్త చట్టం అవసరమని నేను అనుకోను. అమ్మకం నాటి వరకు ఉన్న పన్నులు, బకాయిలు అమ్మేవారే తీర్చాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. మీ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో కొన్ని కార్యాలయాల్లో స్లాట్ బుకింగ్ మొదలుపెట్టింది. స్లాట్ ఖాయమయ్యేటప్పుడే తెలుగులో ఒకే పేజీ లెక్క వెలువడేలా చేయించండి. కొనేవారు ఏం కట్టాలి, అమ్మేవారు ఏం తీర్చాలి, కొనేవారు ముందే పట్టుకునే పన్ను (టీడీఎస్) కోత ఎంత పడుతుంది, ఏ పత్రం ఎక్కడ దొరుకుతుంది అన్నవి అందులో ఉండాలి. ఇద్దరూ దానిపై సంతకం చేసిన తర్వాతే దస్తావేజు స్వీకరించాలి. బయానా నాటికే ఈ అవగాహన కలగాలంటే అదే నమూనాను ప్రతి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం గోడమీద, గ్రామ పంచాయతీల్లోనూ అతికించాలి. ముందుగా నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో మూడు నెలలు ప్రయోగాత్మకంగా అమలు చేయించండి. నమూనా పత్రం తయారీకి నా వంటి విశ్రాంత ఉద్యోగుల సాయం కావాలంటే ఏ ప్రతిఫలం ఆశించకుండా వచ్చి పనిచేస్తాం.

భవదీయుడు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
నల్లగొండ