వార్షిక నివేదిక: సభ్యుల సమాచారం, సర్వేలు, సోషల్ మీడియా

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సమాచార విభాగం పనంతా ఒక్క ప్రశ్న చుట్టూ సాగింది: మనకు జవాబివ్వని సభ్యులు ఎవరు? సమావేశాల్లో మాట్లాడేవారు, గ్రూపులో స్పందించేవారు, ఫారాలు నింపేవారు చాలావరకు అదే కొద్దిమంది. వారి మాటనే సంఘం మాటగా తీసుకుంటే మిగతావారి అవసరాలు లెక్కలోకే రావు.

సభ్యుల జాబితా

ముందు జాబితాను సరిచేశాం. ఒక్కరే రెండు వరసల్లో కనిపించడానికి కారణం పేరు రాసే తీరు: ఒకచోట ఇంటిపేరు ముందుంటుంది, మరోచోట పొడి అక్షరమే ఉంటుంది. అందుకని పేరుతో కాక ఫోన్ నంబరుతో పోల్చాం. ఇంట్లో ఇద్దరికీ ఒకే నంబరు ఉండొచ్చు కాబట్టి, చూడకుండా ఏ వరసనూ తీసేయకూడదు. స్ప్రెడ్‌షీట్‌లో నంబర్ల కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చాలి, లేకపోతే మొదటి సున్నా ఎగిరిపోతుంది. తేదీలను సంవత్సరం, నెల, రోజు వరసలోనే రాస్తున్నాం. 03/04 అని ఉంటే అది మార్చో ఏప్రిలో తర్వాత ఎవరూ తేల్చలేరు. 'చివరిసారి సరిచూసిన తేదీ', 'సందేశాలకు అంగీకారం' అనే రెండు కాలమ్‌లు కొత్తగా చేర్చాం.

సర్వేలు

500 మంది ఉన్న సంఘంలో, 95 శాతం విశ్వాస స్థాయితో (అంటే ఇలాంటి వంద సర్వేల్లో సుమారు 95 సార్లు అంచనా సరిపోయేలా), 5 శాతం అటూ ఇటూగా అంచనా కావాలంటే దాదాపు 217 మంది జవాబులు కావాలి. 1000 మందికైతే 278 చాలు. జనాభా ఎంత పెరిగినా ఈ సంఖ్య 384 దగ్గర ఆగిపోతుంది. అయితే వారిని లాటరీలా ఎంచినప్పుడే ఈ లెక్క పనిచేస్తుంది. తమంతట తామే ముందుకొచ్చినవారు వెయ్యిమంది ఉన్నా ఇది వర్తించదు.

అమెరికాలో 1936 అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని బట్టి రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. కానీ 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌కు దక్కాయి. ఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్టర్ల నుంచి చిరునామాలు తీసుకోవడం ఒక లోపం, అప్పట్లో అవి ఎక్కువగా కలిగినవారికే ఉండేవి. కార్డు అందినవారిలో సుమారు నాలుగో వంతే తిరిగి పంపడం అంతే పెద్ద లోపం.

అందుకే అందరికీ లింకు పంపి ఊరుకోవడం మానాం. స్ప్రెడ్‌షీట్‌లో ఏదో ఒక సంఖ్యను లాటరీలా ఇచ్చే ర్యాండ్ (RAND) ఫార్ములాతో జాబితా వరసను తారుమారు చేసి, పైనుంచి కావలసినంతమందిని తీసుకుంటాం. మొదట సందేశం, మూడో రోజు గుర్తుచేయడం, ఏడో రోజు ఫోన్. పగలు ఎత్తనివారికి సాయంత్రం, సెలవు రోజున మళ్లీ చేయాలి. ఫోన్ చేశాక వచ్చిన జవాబులు మొదటివాటికి భిన్నంగా ఉంటే, ఇంకా చెప్పనివారి అభిప్రాయం మరింత భిన్నంగా ఉండొచ్చని గమనించాలి.

'సమావేశాలు, కార్యక్రమాలు బాగున్నాయా?' అన్నది రెండు ప్రశ్నలు, విడదీయాలి. 'అందరికీ మేలుచేసే ఈ ప్రతిపాదనను సమర్థిస్తారా?' అంటే జవాబు ప్రశ్నలోనే ఉంది. 'అభిప్రాయం లేదు' అనే గడి తప్పనిసరి. పంపేముందు ఐదుగురి చేత పైకి చదివించండి, ఎక్కడ తడబడితే అక్కడ ప్రశ్న మార్చాలి.

వాట్సాప్ గ్రూపు పోల్‌ను తేదీ ఖరారు చేయడానికే వాడుతున్నాం. ఎవరు దేనికి ఓటేశారో అందరికీ పేర్లతో సహా కనిపిస్తుంది. పెద్దలు వేసినవైపే మిగతావారూ వేస్తారు, లేదా ఊరుకుంటారు.

సోషల్ మీడియా

ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికే చోటుంది. పైగా మన నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే సందేశం చేరుతుంది. అంటే పలకనివారిలో కొందరికి అసలు కబురే అందడం లేదు! లైకుల లెక్క ఈ సంగతి చెప్పదు. అందువల్ల ఒక్కో చోటికి వేర్వేరు లింకు ఇచ్చి, ఎందరు నొక్కారు, ఎందరు నమోదయ్యారు, ఎందరు వచ్చారు అన్నది నమోదు చేస్తున్నాం. నొక్కినవారు ఎక్కువై నమోదు తక్కువైతే తప్పు ఫారంలో వెతకాలి. గూగుల్ ఫారంలో 'ఒక్కరికి ఒకే జవాబు' అన్న సెట్టింగు పెడితే లాగిన్ అడుగుతుంది, చాలామంది అక్కడే వెనుదిరుగుతారు. పోస్టరులోని తేదీ, సమయం, స్థలం కింద అక్షరాల్లోనూ రాయాలి, బొమ్మలోని అక్షరాలు చూపులేనివారి ఫోన్ సరిగా చదవలేకపోవచ్చు.

గోప్యత

పదిమంది కన్నా తక్కువ ఉన్న వర్గం ఫలితాలను విడిగా ప్రకటించం. చిన్న సంఘంలో ఎవరేమన్నారో ఇట్టే పోల్చుకుంటారు. లెక్కలు పూర్తికాగానే జవాబుల ఫైలులోంచి పేర్లు, నంబర్లు తొలగిస్తాం. మీ నంబరు మారినా, సందేశాలు వద్దనుకున్నా కార్యదర్శికి తెలపండి. జాబితాలో ఆ మార్పు, సరిచూసిన తేదీతో సహా, అదే వారంలో చేరుస్తాం.